పెన్న చివరి మైళ్లు

నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్ల లోపే. చాలామంది సాయంత్రం బయల్దేరి, కాసేపు అలల్లో కాళ్లు తడుపుకుని, చీకటి పడేసరికి ఇంటికి చేరిపోతారు. నాకు మాత్రం బీచ్ కంటే పెన్న మీదే గురి. నంది కొండల్లో పుట్టి దాదాపు 600 కిలోమీటర్లు వచ్చే ఈ నదిని గండికోట లోయలో చూశాను, సోమశిల డ్యామ్ దగ్గర చూశాను. సముద్రంలో కలిసే చోటు ఒక్కటే మిగిలిపోయింది. కోవూరులో ఉండే మిత్రుడికి ఫోన్ చేస్తే "సంక్రాంతి పోనీ, ఎండ పడకముందే వచ్చెయ్. బండి నేను తెస్తా" అన్నాడు.

పొద్దున్నే రంగనాయకుల గుడి వైపు నుంచి ఏరు చూసి మొదలుపెట్టాం. 2022 సెప్టెంబరులో సంగం బ్యారేజీతో పాటే నెల్లూరు బ్యారేజీ కూడా ప్రారంభమైంది. దానికి పైన నిండుగా నీళ్లు. కింద ఇసుక, తుంగ, నాలుగు మడుగులు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆనకట్ట కట్టినప్పటి నుంచీ సంగతి ఇంతే. నెల్లూరు మాగాణికి పంచగా మిగిలిందే సముద్రానికి. అలాగని ఏటిని తక్కువగా చూడకూడదు. 2021 నవంబరులో పైన పెన్నలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన వారంలోనే పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర హైవేనీ రైలు పట్టాల కింద కట్టనీ కోసేసింది. మద్రాసు వైపు రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మిత్రుడు ఆ చోటు చూపిస్తానని తిప్పాడు గానీ, ఇప్పుడు చూడ్డానికేమీ లేదు, లారీలు పోతున్నాయి.

మైపాడు దారిలో కాస్త పక్కకు తిరిగితే పల్లిపాడు. పెన్న గట్టు మీద పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీ స్వయంగా వచ్చి దీన్ని ప్రారంభించారు. స్థలం పొణకా కనకమ్మ ఇచ్చింది. దక్షిణాఫ్రికాలో గాంధీ సహచరుడు రుస్తుంజీ పదివేల రూపాయలు పంపితే కట్టిన భవనానికి ఆయన పేరే పెట్టారు. నడిపించింది దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య. చెట్ల కింద చల్లగా ఉంది. నెల్లూరులో పుట్టి పెరిగినవాళ్లే చాలామంది ఇక్కడికి రాలేదంటే ఆశ్చర్యం వేసింది. మా మిత్రుడూ అందులో ఒకడు.

ఇందుకూరుపేట దాటేదాకా రెండు పక్కలా పచ్చటి వరి. ఆ తర్వాత రంగు మారిపోతుంది. వరి మళ్లు పోయి రొయ్యల గుంటలు, వాటిలో నీళ్లకి గాలి అందిస్తూ గిరగిరా తిరిగే ఏరియేటర్లు, కరెంటు మోటార్ల రొద. ఒకప్పుడు టైగర్ రొయ్య. తొంభైల్లో తెల్లమచ్చ వైరస్ దాన్ని ముంచేసింది. ఇప్పుడంతా వెనామీ. టీ కొట్టు దగ్గర ఇద్దరు రైతులు రొయ్యల గురించి తప్ప ఇంకేం మాట్లాడలేదు. నూరు కౌంట్ రేటెంత, యాభై కౌంట్‌కి వచ్చేదాకా ఆగాలా, మేత ఖర్చెంత. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. అంకె తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది, టెన్షన్ కూడా. "పక్క గుంటలో ఉప్పు నీళ్లు పెడితే మన మడి ఎట్టా బతుకుద్దన్నా? మనమూ గుంట తవ్వాల్సిందే" అన్నాడు వాళ్లలో పెద్దాయన. వరి నుంచి రొయ్యకి ఊళ్లు ఎందుకు మారాయో ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పరు.

సముద్రానికి ముందు బకింగ్‌హామ్ కాలువ అడ్డొస్తుంది. 1876-78 కరువులో కూలిపనిగా తవ్వించి, విడివిడి ముక్కల్ని కలిపి, అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. పెదగంజాం నుంచి తమిళనాడులో మరక్కాణం దాకా తీరం వెంటే సాగుతుంది. మద్రాసు పొయ్యిల్లోకి ఈ జిల్లా సరుగుడు కట్టె పడవల్లో దీని మీదే వెళ్లేది. ఇప్పుడు పూడిపోయి, గట్ల మీద గుడిసెలు. ఒక యానాది కుటుంబం నడుం లోతు నీళ్లలో చేతుల్తో తడుముతూ పీతలు పడుతున్నారు. నాకైతే ఈ ప్రయాణంలో బాగా నచ్చిన నీళ్లు ఈ కాలువవే. దీన్ని బాగుచేసి జలరవాణా తెస్తామనే మాట వింటూనే ఉన్నాం.

మైపాడు బీచ్ సంగతి క్లుప్తంగా చెప్తాను. ఇసుక బాగుంటుంది, చెత్త బాగా ఉంటుంది, లోతు నమ్మేది కాదు.

అక్కణ్ణించి వెనక్కొచ్చి, పెన్న దాటి, కోవూరు, విడవలూరు మీదుగా ఊటుకూరు వైపు వెళ్లాం. ఏరు సముద్రంలో పడేది ఇక్కడే. రోడ్డు అయిపోయాక పట్టపుపాలెం. ఈ తీరం పొడుగునా ఇలాంటి పాలేలే. ఇక్కడి మత్స్యకారులైన పట్టపువాళ్లు మనతో నెల్లూరు తెలుగులో మాట్లాడి, ఇంట్లోకి తిరిగి తమిళం కలిసిన మాట మాట్లాడతారు. "బండి ఆడ పెట్టి నడవండి, ఇసకలో దిగబడిపోద్ది" అని ఒకాయన తనే ముందు నడిచాడు.

మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే నోరు, దగ్గరికొస్తే నేను ఊహించుకున్నది ఏదీ లేదు. గోదావరిలాగా ఏరు వెడల్పుగా వచ్చి కలవడం లేదు. ఇసుక తిన్నె అడ్డంగా పరుచుకుని ఉంది, దానికి ఒక పక్కన సన్నటి పాయ. పోటు వేళ కావడంతో అందులో నీళ్లు సముద్రం నుంచి లోపలికే నడుస్తున్నాయి. "వరదొస్తే మొగ తెరుచుకుంటది. లేకపోతే సముద్రమే ఇసక దోసి మూసేస్తది. ఒక్కో ఏడు ఒక్కో తావున తెగుద్ది" అన్నాడాయన. మొగ తెరిచుంటే ఫైబర్ బోట్లు పాయలోంచి నేరుగా పోతాయి, రొయ్య పిల్ల, చేప పిల్ల లోపలికొస్తాయి. పూడిపోతే బోట్లను ఒడ్డు మీద నుంచి అలల్లోకి తోయాలి. బ్యారేజీలో ఎన్ని గేట్లు ఎత్తారన్నది పట్నంలో పేపర్లో చదివే వార్త. ఇక్కడ అదే వేట.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం గురించి ఆయనకి పెద్ద ఫిర్యాదు లేదు. కోపమంతా కడలూరు వైపు నుంచి వచ్చే సోనా బోట్ల మీద. అవి పెద్ద ఇంజన్లతో ఒడ్డు దగ్గరికొచ్చి ఊడ్చుకుపోతాయని, వలలు తెంపేస్తాయని చెప్పాడు. తిన్నె మీద చచ్చిన తాబేలు ఒకటి పడుంది. ఈ నెలల్లో అవి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, కొన్ని వలల్లో ఇరుక్కుని ఇలా కొట్టుకొస్తాయి.

అవతల ఒడ్డు మీద నిలబడి లాగే అలివి వల లాగుతున్నారు. ఒడ్డుకొచ్చింది చూస్తే ఎక్కువ భాగం నెత్తళ్లు, కాసిని కానాగంతలు. నెత్తళ్లు కొన్నాం. మిత్రుడి ఇంట్లో మామిడికాయ వేసిన చేపల పులుసు ముందురోజే చేసి ఉంచారు. నెల్లూరు పులుసు నిలవుంటేనే రుచి అని వాళ్ల అమ్మగారి వాదన. పులుసు గొప్పగానే ఉంది. కానీ మూడు గంటల ఆకలి మీద నేను రెండోసారి వడ్డించమని అడిగింది మాత్రం నెత్తళ్ల వేపుడే. ఆవిడకి అది నచ్చలేదని ముఖం చూస్తేనే తెలిసింది.