పిల్లల్ని కడుపులో పెట్టుకుని సముద్రం దాటిన నత్త

ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో రాకాల్ అని ఒక రాయి ఉంది, దీవి అనడానికి కూడా లేదు, 25 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల ఎత్తు అంతే. దగ్గర్లోని స్కాట్లాండ్ దీవులు సెయింట్ కిల్డాకే సుమారు 300 కిలోమీటర్లు, అంటే తిరుపతి నుంచి బెంగళూరు పోయినా ఇంకా మిగిలే దూరం. ఆ రాయి మీద ఒక చిన్న నత్త బతుకుతా ఉంది, పేరు లిట్టోరినా సాక్సాటిలిస్. దాని చుట్టం లిట్టోరినా లిట్టోరియా మాత్రం అక్కడ లేదు.

ఇందులో వింత ఏందంటే, ఆ లేనిదాని పిల్లలే వారాల తరబడి నీళ్ళలో తేలుతా దూరాలు పోయేది! సాక్సాటిలిస్‌కి ఈదే పిల్లలే ఉండవు, తల్లి గుడ్లని లోపలే దాచుకుని బుల్లి నత్తలు అయినాక బయటికి వదుల్తుంది, అవి ఆ చుట్టుపక్కలే పాకుతాయి.

1988లో స్వీడన్ శాస్త్రవేత్త షెర్స్టిన్ యోహాన్నెసన్ దీని మీదే ఒక పేపర్ రాశారు. ఈదే పిల్లలు ఒకటో రెండో అంత దూరం చేరినా తలా ఒక దిక్కున పడతాయి, జత దొరకదు, ఒకవేళ దొరికినా వాటికి పుట్టే పిల్లలు మళ్ళీ సముద్రంలోకే కొట్టుకుపోతాయి. అదే కడుపుతో ఉన్న నత్త ఒక్కటి నాచు ముద్ద పట్టుకుని వచ్చిందనుకోండి, చాలు, దాని సంతానం అంతా ఆ రాయి మీదే ఉండిపోతుంది.

యాంఫిపాడ్లు, ఐసోపాడ్లు కూడా ఇదే దారి, రొయ్యలకి దూరపు చుట్టాలు ఇవి, ఆడవి గుడ్లని పొట్ట కింద సంచిలో మోస్తాయి, నాచు, దుంగ, నీళ్ళ మీద తేలే అగ్నిపర్వతం రాయి, ఏది దొరికితే అదే వాటికి పడవ. ఇట్లా ఎప్పుడో ఒకసారి చేరి, తర్వాత బయటి చుట్టాలతో కలవక, కొన్ని ఆ దీవికే సొంతమైన జాతులు అయిపోతాయి. 2022లో జిల్లాలు మారినప్పుడు మా తిరుపతి జిల్లాకి కూడా సముద్రతీరం వచ్చింది కాబట్టి తూపిలిపాళెం బీచ్‌కి పోయినప్పుడల్లా నేను అలలకంటే ఒడ్డుకి కొట్టుకొచ్చిన చెత్తనే ఎక్కువ చూస్తా.

దీవుల చుట్టూ ఇట్లాంటి బుల్లి జీవులు ఎన్ని రకాలో ఊహించడం కష్టం. న్యూ కాలెడోనియాలో (ఇది పూర్తిగా ఒంటరి దీవి కాదు, పాత ఖండం ముక్క) ఒక్క చోట, 295 చదరపు కిలోమీటర్లలో 2,738 రకాల నత్తలు, ఆల్చిప్పల జాతి జీవులు దొరికాయని 2002లో లెక్క తేల్చారు, చాలావి మిల్లీమీటర్లలో కొలవాల్సినవే.

నాకు దిగులు ఏందంటే ప్లాస్టిక్. 2011 జపాన్ సునామీ తర్వాత దాదాపు 300 జాతులు చెత్త మీద బతికుండగానే హవాయికి, అమెరికా తీరానికి చేరాయి. దుంగ అయితే పుచ్చిపోయి మునుగుతుంది, ప్లాస్టిక్ ఏళ్ళ తరబడి తేలుతానే ఉంటుంది. ఏది మొదటి నుంచి ఆ దీవిదో ఇప్పుడు రాసి పెట్టుకోకపోతే రేపు ఏది బయటి నుంచి వచ్చిందో ఎట్లా చెప్తాం?

అందుకే ఎస్వీ యూనివర్సిటీలో జువాలజీ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరైనా లక్షద్వీప్ ప్రాజెక్ట్‌కి పోతే పగడాల ఫొటోలతో ఆపేయొద్దు, నాచుని బకెట్లో కడిగి ఆ నీళ్ళు జల్లెడ పట్టండి, అర మిల్లీమీటర్ కన్నాలది తీసుకోండి, అంతకంటే పెద్దవైతే అసలైనవే జారిపోతాయి.