నాన్న సూది, చెత్తబండి అక్క వేలు

కర్నూల్లో మా వీధికి చెత్తబండి పొద్దున ఏడింటికే వస్తుంది. మొన్న బండి అక్క మా కవర్‌ని చేత్తో అదిమి లోపలికి తోయబోయి, అబ్బా అని చెయ్యి వెనక్కి లాక్కుంది. వేలి కొసన చిన్న రక్తపు చుక్క. నాన్న ఇన్సులిన్ సూది. టీపొడి, ఉల్లిపొట్టుతో పాటు దాన్నీ అందులో పడేసింది నేనే. "ఇట్లేస్తే ఎట్లన్నా, మా చేతులేం గావల్ల?" అంది, అంతే.

సబ్బుతో వేలు కడిగించి (పిండకూడదు) ఆసుపత్రికి తీసుకెళ్లాను, ఎందుకంటే వాడిన సూదితో హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి అంటుకోవచ్చు, హెచ్‌ఐవి నివారణ మందు అవసరమైతే 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. నాన్నకు అలాంటివేవీ లేవని తెలిసినా నా టెన్షన్ తగ్గలేదు.

ఇప్పుడు మంచం పక్కన బట్టల లిక్విడ్ ఖాళీ డబ్బా ఉంది. పల్చటి నీళ్ల బాటిల్ పనికిరాదు, సూది పొడుచుకుని బయటికొస్తుంది. ముప్పావు నిండగానే మూత బిగించి, టేపు చుట్టి, పైన 'సూదులు' అని రాసి విడిగా ఇస్తున్నాను.

తడి, పొడి రెండే అనుకుంటాం గానీ 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే మూడోది చేర్చారు, ఇంట్లో పుట్టే ప్రమాదకర చెత్త. గడువు తీరిన మాత్రలు, వాడేసిన బ్యాటరీ సెల్లులు, పురుగుమందు డబ్బాలు అందులోకే. ట్యూబ్‌లైట్లు కూడా. చిన్నప్పుడు టప్పుమంటుందని వాటిని గోడకేసి కొట్టేవాళ్లం, లోపల పాదరసం ఉంటుందని ఎవరికి తెలుసు!

నిన్న అక్క డబ్బా ఊపి చూసి, సీటు కింద పెట్టుకుంది.