సాల్టేర్‌లో దండెం

అమ్మ చీరాల నుంచి వచ్చి వారమైంది. వచ్చిన మర్నాడే "ఏమే, దండెం ఎక్కడ కట్టాలే?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే మేం అద్దెకుంటున్న ఈ ఊరిని కట్టించిన పెద్దమనిషికి వీధిలో తడిబట్టలు కనబడితే అస్సలు గిట్టేది కాదట.

ఊరి పేరు సాల్టేర్, ఇంగ్లండ్ ఉత్తరాన బ్రాడ్‌ఫర్డ్ పక్కనే ఉంటుంది. టైటస్ సాల్ట్ అనే మిల్లు యజమాని అల్పాకా అనే దక్షిణ అమెరికా జంతువు ఉన్నితో బట్ట నేయించి బాగా సంపాదించి, బ్రాడ్‌ఫర్డ్ పొగకీ కలరాకీ దూరంగా ఎయిర్ నది ఒడ్డున పెద్ద మిల్లు కట్టి, 1853లో తన యాభయ్యో పుట్టినరోజున దాన్ని తెరిచాడు. ఆయన పేరుకి నది పేరు కలిపితే ఊరి పేరు. పనివాళ్లకి 800కి పైగా ఇళ్లు, చర్చి, బడి, పార్కు, అన్నీ కట్టించాడు. పబ్బు మాత్రం లేదు. వీధుల్లో బట్టలు వేలాడకూడదని 1863లో స్నానాలకీ ఉతుక్కోడానికీ కలిపి ఒక భవనం కూడా లేపాడు (అది ఇప్పుడు లేదు). మంచివాడే, కాదనను. కానీ మన ఇళ్లలో కొందరు మేనమామలుంటారు చూడండి, కడుపునిండా అన్నం పెడతారు, ఎలా తినాలో కూడా వాళ్లే చెప్తారు, అలాంటి మంచితనం.

ఆదివారం మిల్లు చూపించడానికి తీసుకెళ్లా. ఒకప్పుడు ఇందులో 1200 మగ్గాలు ఆడేవని చెప్తే అమ్మ కళ్లు పెద్దవి చేసింది, వాళ్లింట్లో ఉన్నది ఒక్క గుంటమగ్గం మరి. 1986లో మిల్లు మూతపడింది, మరుసటేడు జొనాథన్ సిల్వర్ అనే ఆయన కొని, బ్రాడ్‌ఫర్డ్‌లోనే పుట్టిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ వేసిన బొమ్మలు పెట్టాడు. ఇప్పుడు లోపల బొమ్మలు, పుస్తకాలు, కాఫీ. అమ్మ ఇనుప స్తంభాల మధ్య కాసేపు నిలబడి, "ఇంత చోటుంది, నేసేవాడు ఒక్కడూ లేడా?" అంది.

లేడు. పొద్దున్నే విక్టోరియా రోడ్డు దిగి జనం ఇప్పటికీ మిల్లు వైపే నడుస్తారు, కాకపోతే గేటు దాకా వెళ్లకుండా పక్కనున్న స్టేషన్‌లోకి తిరిగి లీడ్స్ రైలెక్కుతారు. వాళ్లలో నేనూ ఒకదాన్ని. 1965లో మూసేసిన ఆ స్టేషన్‌ని 1984లో మళ్లీ తెరిచారు, అది లేకపోతే ఇంత అద్దె పెట్టి నేనిక్కడ ఎందుకుంటాను? పనికి ఎవరూ దూరం పోనక్కర్లేదని కట్టిన ఊళ్లో పగలు మిగిలేది పెద్దవాళ్లూ, టూరిస్టులూ, మా అమ్మా.

దండెం సంగతికొస్తే, వెనక పెరట్లో గోడకి మేకు కొట్టబోతుంటే పరిగెత్తుకెళ్లి ఆపాను. 2001 నుంచి ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం, కిటికీ మార్చాలన్నా కౌన్సిల్ అనుమతి కావాలి. "రాతిగోడకి మేకు కొడితే ప్రపంచం ఏమైపోతుందే!" అని విసుక్కుని, చివరికి గేటుకీ గొట్టానికీ తాడు కట్టింది. చీర ఆరేసిన పది నిమిషాలకి వాన. ఇప్పుడది గదిని వెచ్చబెట్టే రేడియేటర్ మీదుంది.