మా రొట్టెల పండుగ గ్రూపు

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ అయ్యాక ప్లాస్టిక్ కవర్లు ఏరడానికి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు ఇది, ఇందులో తెలుగోళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు, చెన్నై నుంచి వచ్చే తమిళులూ ఉన్నారు. నేనేమో అన్నీ తెలుగులోనే టైప్ చేసి పడేసేవాణ్ణి. ఒక పెద్దాయన ఫోన్ చేసి "అబ్బయా, నాకు చదవను రాదు, నోటితో చెప్పు" అన్నాక సిగ్గేసింది. ఇప్పుడు ముఖ్యమైనవి వాయిస్‌లోనే, తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. ఈ పండుగ జరిగే మొహర్రం ఏటా సుమారు 11 రోజులు ముందుకొస్తుంది కాబట్టి "పండగెప్పుడు?" అని అందరూ అడుగుతుంటే తేదీ పిన్ చేశాను. వీడియోలు చేరవేసే సర్వర్లకీ (పెద్ద కంప్యూటర్లకీ) కరెంటు కావాలి గదా, వాటి ఆటో డౌన్‌లోడ్ ఆపుకోమన్నాను. మెసేజ్‌లు 90 రోజులకు మాయమయ్యేలా పెట్టాను.

గుడ్ మార్నింగ్ పూలు మాత్రం ఆగలేదు. పంపేది మా మేనత్తే, ఆమెకెవరు చెప్తారు!