స్కాన్ బాగానే ఉంది, చెయ్యి విరిగింది

నాకు 67 ఏళ్లు, షుగర్ వచ్చి 16 ఏళ్లు. కిందటి కార్తీకంలో ఒకరోజు పొద్దున్నే షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని, ఒట్టి కాఫీ తాగి, వచ్చాక టిఫిన్ తిందాంలే అని ఎప్పటిలాగే గోదావరి గట్టు మీదికి నడకకి వెళ్లాను. తిరిగొచ్చి గేటు దగ్గర చెప్పులు విప్పుతుంటే ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు, కళ్లు బైర్లు కమ్మాయి. పడిపోతూ కుడి చెయ్యి ఆనించాను. మా ఆయన మిషన్ తెచ్చి చూస్తే షుగర్ 58. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇస్తే తాగి కాస్త తేరుకున్నాక చూసుకుంటే మణికట్టు వంకర తిరిగిపోయి ఉంది.

ఆరు వారాలు పిండికట్టు. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయించారు, టి-స్కోరు (అందులో వచ్చే అంకె) మైనస్ 0.9 వచ్చింది, అంటే మామూలేనట. రిపోర్టు ఇచ్చినాయన "మీ ఎముకలు బాగానే ఉన్నాయమ్మా" అంటే నమ్మేశాను. బాగుంటే అంతమాత్రానికే ఎలా విరుగుతుంది అత్తయ్యా అని అనుమానపడింది మా కోడలే. షుగర్ డాక్టరుగారిని అడిగాం. నాలా టైప్ 2 షుగర్ (పెద్దయ్యాక ఎక్కువగా వచ్చే రకం) ఉన్నవాళ్లకి స్కాన్‌లో సాంద్రత మామూలుగానే, ఒక్కోసారి ఎక్కువగా కూడా కనిపిస్తుందట. కానీ ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌కి ఆ చక్కెర పట్టేసి పెళుసెక్కుతుంది, పాత ఎముక పోయి కొత్తది రావడం కూడా నెమ్మదిస్తుంది. స్కాన్ కొలిచేది ఖనిజం ఎంతుందో అంతే, పెళుసుతనం దానికి తెలియదు. నాలాంటివాళ్లు ఎంతమంది ఆ ఒక్క కాగితం చూసుకుని ధైర్యంగా ఉన్నారో అని అప్పటి నుంచీ నాకు ఒకటే బెంగ.

ఆ డాక్టరుగారే నన్ను కళ్లు మూసుకోమని, నైలాను దారం లాంటిది అరికాలికి అక్కడక్కడా ఆనిస్తూ, తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. చాలాసేపు ఏమీ తగల్లేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో అని కళ్లు తెరిస్తే దారం నా బొటనవేలి కింద ఆని విల్లులా వంగి ఉంది. షుగర్ వల్ల అరికాళ్లు మొద్దుబారాయన్నమాట. చెయ్యి విరిగినప్పుడు కూడా అంత భయపడలేదు. కాలికి నేల తెలియకపోతే పడక ఏం చేస్తాను?

మాత్ర మార్చారు (మీరు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్ని అడగండి). విటమిన్ డి తక్కువగా, 11 మాత్రమే ఉందని వారానికొక 60,000 యూనిట్ల పొడి రాశారు. కంటి లోపలి పొర (రెటీనా) కూడా చూపించుకున్నాకే బరువులు మొదలుపెట్టమన్నారు, ఎందుకంటే షుగర్ వల్ల అక్కడ రక్తనాళాలు బాగా దెబ్బతిని ఉంటే ఊపిరి బిగపట్టి బరువులెత్తడం ప్రమాదం.

రోజూ గంట నడుస్తున్నాను, ఇంకేం చెయ్యాలమ్మా అన్నాను ఫిజియోథెరపీ అమ్మాయితో. నడక షుగర్‌కి, గుండెకి మంచిదే గానీ ఎముకకి అదొక్కటే చాలదు ఆంటీ, కండ గట్టిగా లాగితేనే ఎముక బలపడుతుంది, పడకుండా ఉండటానికి బ్యాలెన్స్ వేరే చెయ్యాలి అంది. 65 దాటినవాళ్లకి బలం పెంచే వ్యాయామం వారానికి రెండు రోజులైనా, బ్యాలెన్స్‌వి మూడు రోజులైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020లో చెప్పింది. నాకిన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు.

గోడకి ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు గుండెల మీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా లేచి మళ్లీ మెల్లగా కూర్చోవాలి. మొదటిరోజు నాలుగోసారికే తొడలు వణికి ధబాల్న కూలబడ్డాను. కూర్చునేటప్పుడే ఆపుకుంటూ దిగాలట, అసలు పని అక్కడే. ఇప్పుడు పన్నెండేసి చొప్పున రెండుసార్లు చేస్తున్నాను. చేతికి మొదట్లో చపాతీ పిండి ముద్ద పిసకడం, తర్వాత అర లీటరు నీళ్ల సీసా ఎత్తడం. పిండికట్టు తీసిన వారం తడి గుడ్డ పిండలేక ఏడ్చాను, మొన్న పండక్కి పప్పు కుక్కర్ కుడి చేత్తోనే దించాను. మొదలుపెట్టే ముందు షుగర్ చూసుకుంటాను, 100 కన్నా తక్కువుంటే సగం అరటిపండు తిని కాసేపాగి చేస్తాను.

రాత్రి అన్నాలయ్యాక వంటింటి గట్టు మీద వేళ్లు ఆనించి ఒంటికాలి మీద నిలబడతాను, మా ఆయన పక్కనే ఉండి లెక్కపెడతారు. ఎడమ కాలి మీద పద్దెనిమిది దాకా వచ్చాను. కుడి కాలి మీద ఇంకా పదకొండే.