మైనింగ్‌కి పవర్ సప్లై కొనేముందు ఒకసారి కనెక్టర్ల వైపు చూడండి

కంప్యూటర్లతో క్రిప్టో కాయిన్ల మైనింగ్ మొదలుపెట్టేవాళ్లు గ్రాఫిక్స్ కార్డుల గురించి నెలల తరబడి చదువుతారు. ఏ కార్డుకి హ్యాష్‌రేట్ (మైనింగ్ లెక్కలు చేసే వేగం) ఎంత, మెమరీ ఎంత, ఏ కాయిన్‌కి ఏది నప్పుతుంది, అన్నీ నోటికొచ్చేస్తాయి. తీరా పవర్ సప్లై దగ్గరికొచ్చేసరికి కార్డుల వాట్లన్నీ కూడేసి, ఆ మొత్తానికి కాస్త పైనున్న నంబర్ చూసి కొనేస్తారు. నేనూ మొదటిసారి సరిగ్గా ఇదే చేశాను. నాలుగు కార్డులు, ఒక్కోటి దాదాపు 150 వాట్లు, బోర్డు, ప్రాసెసర్, ఫ్యాన్లు కలిపి ఇంకో వంద, మొత్తం 700 అయింది కాబట్టి 850 వాట్లది సరిపోతుందనుకున్నాను. కూడికలో తప్పేం లేదు. దెబ్బ తగిలింది మాత్రం ఒక చిన్న ప్లాస్టిక్ కనెక్టర్ దగ్గర.

మూడో వారంలో ఒక రాత్రి గదిలోకి వెళ్తే ఏదో కాలుతున్న వాసన. స్క్రీన్ చూస్తే నాలుగు కార్డులూ పనిచేస్తున్నాయి, హ్యాష్‌రేట్ మామూలుగానే ఉంది, టెంపరేచర్లు మామూలుగానే ఉన్నాయి, ఎర్రర్ ఒక్కటీ లేదు. ముక్కుని నమ్మాలా స్క్రీన్‌ని నమ్మాలా అని ఒక్క నిమిషం తటపటాయించి, చివరికి స్విచ్ ఆపేశాను. ఒక్కో కేబులూ పట్టుకుని చూస్తూ పోతే రెండో రైసర్ దగ్గర చెయ్యి చురుక్కుమంది. రైసర్ అంటే గ్రాఫిక్స్ కార్డుని మదర్‌బోర్డు స్లాట్‌కి దూరంగా పెట్టి కలిపే చిన్న బోర్డు, దానికి విడిగా పవర్ ఇవ్వాలి. రైసర్‌తోపాటు డబ్బాలో వచ్చిన అడాప్టర్ అది, ఒకవైపు శాటా (హార్డ్ డిస్క్‌లకి పవర్ ఇచ్చే కనెక్టర్), ఇంకోవైపు 6 పిన్. 12 వోల్టుల పసుపు వైరు దిగే చోట ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, ఒక మూల నల్లగా మాడి, లోపలి పిన్నుకి కరిగి అతుక్కుపోయింది. కటింగ్ ప్లేయర్‌తో లాగితేగానీ ఊడిరాలేదు. వైరు మీది తొడుగు బిరుసెక్కిపోయి వంచగానే పెళుసుగా విరిగింది. ఇంకో రెండు గంటలు ఆలస్యంగా వెళ్లుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

ఎందుకిలా అయిందో తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాను. శాటా కనెక్టర్‌లో 12 వోల్టుల కోసం మూడు పిన్నులుంటాయి, ఒక్కోటి 1.5 ఆంప్స్‌కి తయారైంది. అంటే మొత్తం 4.5 ఆంప్స్, 54 వాట్లు. హార్డ్ డిస్క్‌కి అది బోలెడు. కానీ రైసర్ మీద కూర్చున్న కార్డు స్లాట్ నుంచి 75 వాట్ల దాకా లాక్కోవచ్చు, అందులో 12 వోల్టుల వైపు నుంచే 5.5 ఆంప్స్, అంటే 66 వాట్లు. ఒక్క రైసర్‌కే చాలని కనెక్టర్ అది. నేనేమో ఒకే శాటా కేబుల్ మీద రెండు రైసర్లు పెట్టాను. "మా రిగ్‌లో (మైనింగ్ సెటప్‌లో) రెండేళ్లుగా ఇవే అడాప్టర్లు, ఏమీ కాలేదు" అనేవాళ్లు ఉంటారు, వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. కొన్ని కార్డులు స్లాట్ నుంచి చాలా తక్కువ తీసుకుని, మిగతాదంతా పైన పెట్టే 8 పిన్ నుంచే లాగుతాయి. కొన్ని స్లాట్‌ని దాదాపు చివరిదాకా వాడేస్తాయి. మీ కార్డు ఏ రకమో తెలియకుండా పక్కవాళ్ల రిగ్ చూసి ధైర్యం తెచ్చుకోకండి. శాటా అడాప్టర్లు డబ్బాలో ఉచితంగా వచ్చినా సరే పారేయండి. రైసర్‌కి పవర్ సప్లై నుంచి నేరుగా వచ్చే 6 పిన్ పెట్టడం అన్నిటికన్నా మంచిది, అది కుదరకపోతే పాత తరహా 4 పిన్ మోలెక్స్, అదీ కేబుల్‌కి ఒకటో రెండో.

అందుకే ఇప్పుడు పవర్ సప్లై చూసేటప్పుడు నేను మొదట లెక్కపెట్టేది దానికొచ్చే కేబుళ్లని. గ్రాఫిక్స్ కార్డులకి పవర్ ఇచ్చే 6 పిన్ పీసీఐఈ కనెక్టర్ 75 వాట్లకి, 8 పిన్ 150 వాట్లకి అని ప్రమాణం. నాలుగు కార్డులకి తలో 8 పిన్, నాలుగు రైసర్లకి తలో 6 పిన్, అంటే ఎనిమిది కనెక్టర్లు కావాలి. వాట్లు ఎంతున్నా అన్ని కనెక్టర్లు లేని డబ్బా మన పనికి రాదు, ఎందుకంటే లేనివాటిని మనం స్ప్లిటర్లతో పుట్టిస్తాం, గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఒకే కేబుల్‌కి చివర రెండు 8 పిన్ తలలుండే రకాన్ని కూడా గమనించండి. రెండు తలలూ పూర్తిగా వాడితే 300 వాట్లు ఒకే కేబుల్‌లో పోతాయి. ఎక్కువ కరెంటు తాగే కార్డయితే రెండు వేర్వేరు కేబుళ్లు పెట్టండి. వైరు మందం కూడా చూడండి, గేజ్ నంబర్ తగ్గేకొద్దీ వైరు లావు, 18 కన్నా 16 మెరుగు. కరెంటు రెట్టింపైతే వైరులో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. కాస్త వదులుగా ఉన్న పిన్ను గేమ్ ఆడుకునే కంప్యూటర్‌లో ఏళ్లకేళ్లు నెట్టుకొస్తుంది, మైనింగ్ రిగ్‌లో మూడు వారాల్లో మాడిపోతుంది.

డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న వాట్ల నంబర్‌ని అలాగే నమ్మొద్దు. పక్కన అతికించిన లేబుల్ చదవండి. అందులో 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంప్స్ రాశారో చూసి 12తో గుణించండి. 62 ఆంప్స్ అని ఉంటే 744 వాట్లు, మన కార్డులకి దక్కేది అంతే. మంచి పవర్ సప్లైల్లో ఈ అంకె మొత్తం వాట్లకి దాదాపు సమానంగా ఉంటుంది. నాసిరకంలో 5 వోల్టులు, 3.3 వోల్టులు కూడా కలిపి అంకె పెంచి చూపిస్తారు, మైనింగ్‌లో ఆ రెండింటితో మనకి పెద్దగా పనే లేదు.

ఇక ఎంత ఖాళీ వదలాలి అంటే, రోజంతా ఆగకుండా నడిచే లోడు పవర్ సప్లై సామర్థ్యంలో 80 శాతం దాటకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు. 700 వాట్ల రిగ్‌కి 850 అంటే 82 శాతం, కాబట్టి ఆ లెక్కన కూడా నాది హద్దు దాటింది. 1000 వాట్లది తీసుకుంటే 70 శాతం దగ్గర హాయిగా నడుస్తుంది, ఫ్యాన్ గోల కూడా తగ్గుతుంది. ఇంకోటి, ఆ రాసిన వాట్లు ఎంత వేడిలో ఇవ్వగలదో చూడండి. కొన్ని 50 డిగ్రీల్లో కూడా పూర్తి వాట్లు ఇస్తాయి, కొన్నిటికి 40 డిగ్రీలే హద్దు. నాలుగు కార్డులు రాత్రీపగలూ వేడి గాలి వదిలే చోట ఈ పది డిగ్రీల తేడా చాలా పెద్దది.

గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత శాతం పనికొస్తుందో (ఎఫిషియెన్సీ) చెప్పే 80 ప్లస్ ముద్ర గురించి అందరూ ఒకటే అడుగుతారు, బ్రాంజ్ చాలదా, గోల్డ్‌కి అంత ఎక్కువ పెట్టాలా అని. ఆఫీసు కంప్యూటర్‌కైతే బ్రాంజ్ చాలు. మైనింగ్‌కి మాత్రం ఈ లెక్క చూడండి. కార్డులకి 1200 వాట్లు అందించాలి అనుకుందాం. సగం లోడు దగ్గర 85 శాతం ఎఫిషియెన్సీ ఉన్న బ్రాంజ్ సప్లై గోడ నుంచి 1412 వాట్లు లాగుతుంది, 90 శాతం ఉన్న గోల్డ్ 1333 లాగుతుంది. తేడా దాదాపు 79 వాట్లు. రోజుకి దాదాపు 1.9 యూనిట్లు, ఏడాదికి దాదాపు 690 యూనిట్లు. మీ యూనిట్ రేటుతో గుణించుకుంటే గోల్డ్‌కి పెట్టే అదనపు డబ్బు ఎన్నాళ్లకి తిరిగొస్తుందో తెలిసిపోతుంది. పైగా ఆ పోయేదంతా వేడిగా మారి ఆ చిన్న డబ్బాలోనే పుడుతుంది, 212 వాట్లు ఒకదాంట్లో, 133 ఇంకోదాంట్లో. ఏది ఎక్కువ కాలం బతుకుతుందో చెప్పక్కర్లేదు. గోల్డ్ అంటే 115 వోల్టుల పరీక్షలో 20, 50, 100 శాతం లోడ్ల దగ్గర 87, 90, 87 శాతం ఎఫిషియెన్సీ ఇవ్వాలి. సప్లైలు సాధారణంగా సగం లోడు దగ్గరే బాగా పనిచేస్తాయి, అలాగని పూర్తిగా దానికోసం రెండింతల సప్లై కొనక్కర్లేదు, ఆ తేడా రెండు మూడు శాతమే. అదే సప్లై 230 వోల్టుల మీద ఇంకొంచెం మెరుగ్గా పనిచేస్తుంది. ఆ పరీక్షలు 23 డిగ్రీల గదిలో చేస్తారన్నది కూడా గుర్తుంచుకోండి.

పాత సర్వర్ల పవర్ సప్లైలు చాలామంది వాడతారు. 1200 వాట్ల హెచ్‌పీ సర్వర్ సప్లై ఒకటి, దానికో బ్రేకవుట్ బోర్డు (సప్లై కరెంటుని మామూలు కనెక్టర్లకి పంచే బోర్డు) తగిలిస్తే పది దాకా 6 పిన్‌లు దొరుకుతాయి. ఇవి గట్టివి, ఏళ్ల తరబడి ఆగకుండా నడవడానికే చేసినవి. ప్రధానంగా 12 వోల్టులే ఇస్తాయి కాబట్టి మదర్‌బోర్డుకి వేరే ఏర్పాటు కావాలి, చిన్న ఫ్యాన్ల చప్పుడు పడుకునే గది దగ్గర భరించలేరు. అన్నిటికన్నా ముఖ్యం, 110 వోల్టుల మీద ఇవి పూర్తి వాట్లు ఇవ్వవు. మైనింగ్ మెషీన్ల కంపెనీ బిట్‌మెయిన్ సప్లై ఏపీడబ్ల్యూ3 ప్లస్ ప్లస్ కూడా అంతే, 220 వోల్టుల మీద 1600 వాట్లు, 110 మీద 1200. అదే కంపెనీ బిట్‌కాయిన్ మైనింగ్ మెషీన్ యాంట్‌మైనర్ ఎస్9కి 1300 వాట్ల పైనే కావాలి, అంటే 110 మీద దాన్ని ఈ ఒక్క సప్లైతో నడపలేం.

ఎస్9 మాట వచ్చింది కాబట్టి, దానికి పది 6 పిన్‌లు కావాలి, మైనింగ్ చిప్‌లుండే మూడు హ్యాష్‌బోర్డులకి మూడేసి, కంట్రోలర్‌కి ఒకటి. పదీ పెట్టాలి, ఒక్కో బోర్డుకి రెండు పెట్టినా నడుస్తోంది కదా అని మూడోది వదిలేస్తే మిగతా రెండింటి మీద భారం పడుతుంది. రెండు సప్లైలతో నడిపేవాళ్లు ఒకే హ్యాష్‌బోర్డుకి రెండు సప్లైల నుంచి వైర్లు ఎప్పుడూ కలపొద్దు. రెండింటి వోల్టేజీ సరిగ్గా ఒకటే ఉండదు, ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి కరెంటు మళ్లుతుంది. గ్రాఫిక్స్ కార్డులకీ ఇదే సూత్రం, కార్డు, దాని రైసర్ రెండూ ఒకే సప్లై నుంచి. రెండు సప్లైలూ కలిసి ఆన్ అయ్యేలా సింక్ బోర్డు పెట్టుకోండి. తర్వాత వచ్చిన ఎస్19 లాంటి మెషీన్లలో సప్లై లోపలే వస్తుంది, 3250 వాట్లు, 200 నుంచి 240 వోల్టులు. అక్కడ మన ఎంపికంతా గోడ దగ్గరికి జరుగుతుంది, ఎందుకంటే 220 వోల్టుల మీద అది 15 ఆంప్స్‌కి దగ్గరగా లాగుతుంది. దానికి విడిగా లైను, సరైన ఎంసీబీ, మంచి ఎర్తింగ్ కావాలి. ఇది ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని.

మాడ్యులర్ సప్లై (కేబుళ్లు విడిగా ఊడివచ్చే రకం) కొంటే ఆ డబ్బాలో వచ్చిన కేబుళ్లే వాడండి. సప్లై వైపున్న పిన్నుల వరుస కంపెనీని బట్టి, ఒక్కోసారి ఒకే కంపెనీ మోడల్‌ని బట్టి కూడా మారుతుంది. వేరేదాని కేబుల్ పెట్టినా ప్లగ్గు చక్కగా పడుతుంది, కానీ 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్లొచ్చు. నా స్నేహితుడి ఎస్‌ఎస్‌డీ ఒక్క క్షణంలో పోయింది ఇలాగే.

2022 సెప్టెంబర్ 15న ఇథీరియం మైనింగ్ ఆగిపోయాక బోలెడు రిగ్‌లు విప్పేశారు, అప్పటినుంచి వాడిన సప్లైలు బాగా దొరుకుతున్నాయి. తీసుకోవచ్చు, కానీ ప్రతి కనెక్టర్ లోపలికీ టార్చ్ వేసి చూడండి, పసుపు వైర్ల దగ్గర రంగు మారి ఉంటే వదిలేయండి. అసలు కేబుళ్లు లేకుండా అమ్మితే అసలే వద్దు. శుభ్రం చేద్దామని మూత మాత్రం విప్పకండి, లోపలి పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 400 వోల్టులు ఉంటాయి, ప్లగ్ తీసేసిన తర్వాత కూడా కాసేపు నిలిచే ఉండొచ్చు.

నేను ఇప్పుడు చేసేది చెప్తాను. ముందు కార్డులకి పవర్ లిమిట్ తగ్గిస్తాను, హ్యాష్‌రేట్ కొంచెమే తగ్గుతుంది, వాట్లు బాగా తగ్గుతాయి. గోడ దగ్గర వాట్ మీటర్ పెడతాను, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ చూపించే అంకెలో సప్లై తినేది కలవదు, కొన్ని కార్డుల్లోనైతే చిప్ వాడేదే చూపిస్తుంది. కొత్త రిగ్ పెట్టినా, కేబుల్ మార్చినా, గంట నడిచాక అన్నీ ఆపేసి, ప్లగ్ తీసి, ఒక్కో కనెక్టర్‌నీ రెండు వేళ్లతో పట్టుకుని చూస్తాను. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. వేళ్లు నిలవకపోతే ఆ కనెక్టర్ సంగతి తేలేదాకా రిగ్ మళ్లీ ఆన్ చేయను.