నేను లేని పదహారు రోజులు

2022 జనవరిలో నాన్నకి ఒంట్లో బాగోలేదంటే కంపెనీలో పదహారు రోజులు సెలవడిగి ఇంటికొచ్చాను. అమలాపురంలో ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాను, ఒక చేతిలో మందుల చీటీ, ఇంకో చేతిలో ఫోను. మనకి మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయితే కువైట్లో పదకొండు. అక్కడ పొద్దున పని మొదలైన దగ్గర్నుంచి రాత్రి క్యాంపులో పడుకునే దాకా ఫోన్లే ఫోన్లు. వాల్వు మూసెయ్యాలా అన్నా, స్టోర్ తాళం ఎవరికివ్వమంటారు, ఈజిప్టు ఇంజనీరు కేకలేస్తున్నాడు ఏం చెప్పమంటారు. ఒకరోజు లెక్కపెడితే ముప్పై ఏడు వచ్చాయి. నాన్న మంచం మీంచి చూసి, "నువ్వు లేకపోతే అక్కడ ఒక్క పనీ అవదేంట్రా" అన్నాడు. ఆయన గర్వంగానే అన్నాడు. నాకు మాత్రం సిగ్గేసింది, ఎందుకంటే అంతకుముందు పదిహేడేళ్ళు నేను చేసిన ఉద్యోగంలో ఆ మాట అనిపించుకోవడం గొప్ప కాదు, తప్పు.

నేను ఆర్మీలో వంతెనలు, దారులు వేసే ఇంజనీరు దళం మద్రాస్ శాపర్స్‌లో చేశాను. 2001లో చేరాను, బెంగళూరులో ట్రైనింగ్, 2018లో హవల్దార్‌గా పెన్షన్ తీసుకుని బయటికొచ్చాను. ఆ తర్వాత మా రాజోలు వైపు చాలామంది లాగే నేనూ కువైట్ వెళ్ళాను. అహ్మదీ దగ్గర పంపులు, పైపులైన్ల మెయింటెనెన్స్ పని, నా కింద ఇరవై మంది. మన గోదావరి వాళ్ళు ఏడుగురు, మిగతావాళ్ళు బీహార్, నేపాల్, బంగ్లాదేశ్.

నాకు ఇరవై రెండేళ్ళప్పటి సంగతి ఒకటి చెప్తాను. రాత్రిపూట బెయిలీ బ్రిడ్జి కట్టే అభ్యాసం, అంటే ఇనప ప్యానెళ్ళు ఒకదానికొకటి బిగించి అప్పటికప్పుడు కట్టే వంతెన. దాని ప్యానెల్ ఒక్కోటి పది అడుగుల పొడవు, 260 కిలోల బరువు, ఆరుగురు కలిసి ఎత్తాలి. ఇటు గట్టు మీదే కట్టుకుంటూ రోలర్ల మీద అటువైపు తోస్తాం, వెనక బరువు చాలకపోతే ముందు భాగం వాగులోకి వాలిపోతుంది. వంతెన సగం గాల్లోకి వెళ్ళాక సుబేదార్ సాబ్ చీకట్లో మెల్లగా వచ్చి మా హవల్దార్ భుజం తట్టి, నువ్వు క్యాజువల్టీ అన్నాడు. అంటే ఆ క్షణం నుంచి అతను చచ్చిపోయినట్టే, ఇక నోరు విప్పకూడదు. వెళ్ళి పక్కన నేల మీద పడుకున్నాడు. నాయక్ అందుకున్నాడు. పది నిమిషాలకి అతని భుజమూ తట్టాడు. తర్వాత వరసలో ఉన్నది నేను, చార కుట్టించుకుని నెల కూడా కాని లాన్స్ నాయక్‌ని. కాళ్ళు వణికాయి, అది నిజం, కానీ నోట్లోంచి ఆర్డర్ వచ్చింది. ఎలాగంటే, సాయంత్రమే హవల్దార్ ఇసకలో నమూనా చేసి, వాగు ఇది, గట్టు ఇది అని సెక్షన్ మొత్తానికి ప్లాన్ విప్పి చెప్పాడు. ఎవరేం చెయ్యాలో చెప్పి ఊరుకోలేదు, అసలు ఈ వంతెన ఎందుకు, తెల్లారేసరికి దీని మీద ఏ బండ్లు వెళ్ళాలి అన్నదీ చెప్పి, నా చేత అప్పజెప్పించుకున్నాడు. ఆ రాత్రి వంతెన అవతలి గట్టు తాకింది.

ఫౌజులో పైవాడు పడిపోతే కిందివాడు లేచి పని పూర్తిచెయ్యాలి, అంతా దాని చుట్టూనే ఉంటుంది. ఇది మన డెల్టాకి కొత్త సంగతేం కాదు. ఊరూరా విగ్రహం పెట్టుకున్న కాటన్ దొర మద్రాస్ ఇంజనీర్స్ అధికారి, మా శాపర్లకి అప్పట్లో ఆ ఇంజనీర్లే ఆఫీసర్లు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలైంది, ఏడాది తిరిగేసరికి ఆయన ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా వెళ్ళిపోవాల్సి వచ్చింది. తిరిగొచ్చింది 1850లో. ఆ మధ్యలో పని నడిపింది కెప్టెన్ ఆర్ అనే ఆయన. 1852కి ఆనకట్ట పూర్తయింది. ఆర్ విగ్రహం నాకు ఎక్కడా కనపడలేదు, ఉండాలనిపిస్తుంది. కాటన్ గొప్పతనంలో సగం తను లేనప్పుడు కూడా గోదావరిలో రాయి మీద రాయి పడుతూనే ఉండేలా మనుషుల్ని తయారుచేసుకోవడంలో ఉందని నా నమ్మకం.

మరి నేనేం చేశాను? కువైట్లో మొదటి మూడేళ్ళూ ఫౌజు నుంచి తెచ్చుకున్నది గొంతు ఒక్కటే. కేకలేసేవాణ్ణి. పని అయ్యేది కూడా, కానీ నేను నిలబడ్డ చోటే. ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. జవానుకి జీతం, రేషన్, వెనక పెన్షన్ ఉంటాయి. తప్పు చేస్తే శిక్ష ఉంటుంది గానీ మర్నాడు పొద్దున కూడా లంగర్లో వాడి ప్లేటు వాడికుంటుంది. గల్ఫులో పనివాడు అలా కాదు. ఏజెంటుకి కట్టడానికి తెచ్చిన అప్పు, ఇంటి దగ్గర నెలనెలా వడ్డీ, అకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, కంపెనీ చేతిలో. అలాంటివాడు 'నాకు తెలీదు' అని గానీ, 'మీరు చెప్పింది తప్పు' అని గానీ ఎందుకంటాడు? తలూపుతాడు. ఆయ్, అలాగేనండి అంటాడు. ఆ భయం మీద మనం కూడా అరిస్తే ఉన్న బుర్ర కూడా మూతపడిపోతుంది.

సెలవు నుంచి తిరిగెళ్ళిన ఎండాకాలంలో ఇది నాకు తలకెక్కింది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా కువైట్లో పగలు పదకొండు నుంచి నాలుగు వరకు బయట ఎండలో పని చేయించకూడదని నిషేధం. సరిగ్గా ఆ టైములోనే మా క్యాంపుకి నీళ్ళెక్కించే పంపు ట్రిప్ అవడం మొదలైంది. రీసెట్ చేస్తే తిరుగుతుంది, గంటకి మళ్ళీ ఆగుతుంది. సాయంత్రం మూడొందల మంది ఒళ్ళంతా దుమ్ముతో దిగేసరికి కుళాయిలో చుక్క ఉండదు. నేను ఒకసారి చూసి మోటార్ పోయిందన్నాను. స్పేర్ మోటార్ తెప్పించి మార్పించాను. మర్నాడు పన్నెండూ నలభైకి మళ్ళీ ట్రిప్.

ఆ గురువారం రాత్రి అందర్నీ మెస్ రూంలో కింద కూర్చోబెట్టాను. ప్లైవుడ్ ముక్క మీద ఇసక పోసి, సీసా మూత పంపు, అగ్గిపెట్టె కరెంటు ప్యానెలు, వైరు ముక్కలు పైపులు. అందరికంటే చిన్నవాడు ముందు చెప్పాలి, నేను ఆఖర్న మాట్లాడతాను అన్నాను. కోర్ట్ మార్షల్లో కూడా జూనియర్ మెంబరే ముందు అభిప్రాయం చెప్తాడు, పెద్దవాడు ముందు నోరు విప్పితే చిన్నవాళ్ళు దాని వెనకే పోతారని. నేపాలీ కుర్రాడు తలొంచుకుని ఏమీ లేదన్నాడు. తర్వాత ముమ్మిడివరం అబ్బాయి వంతు. జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీశాడు. పన్నెండూ నలభై, ఒకటీ పావు, రెండూ యాభై, ట్రిప్ అయిన ప్రతి టైమూ తేదీతో సహా రాసుకున్నాడు.

"రాత్రిపూట ఒక్కసారి కూడా పడలేదు బాబాయ్. క్లాంప్ మీటరు పెట్టి చూశానండి, మోటార్ రాత్రీ పగలూ కరెంటు ఒకేలా లాగుతోంది. మారేది ఎండొక్కటే."

"మరి మోటార్ మార్చేముందు చెప్పలేదేంట్రా?"

"మీరు మోటార్ అన్నారు కదండి."

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పొద్దున్నే వెళ్ళి ప్యానెల్ తెరిస్తే ఫ్యాను ఆగిపోయి ఉంది, ఫిల్టర్ మీద దుమ్ము గచ్చులా గట్టిపడింది. మోటార్ ఎక్కువ కరెంటు లాగితే ఆపాల్సిన ఓవర్‌లోడ్ రిలే లోపలి వేడికి ముందే కొట్టేస్తోంది, అంతే. ఫ్యాను మార్చి, ఫిల్టర్ కడిగి, ప్యానెల్ మీద రేకుతో నీడ కట్టాం. ఆ వేసవిలో మళ్ళీ ఆ పంపు ట్రిప్ కాలేదు. ఇంజనీరుకిచ్చిన రిపోర్టులో మోటార్ అనవసరంగా మార్పించడం నా తప్పని, అసలు కారణం పట్టుకున్నది ఫలానా కుర్రాడని రాసి, ఆ కాగితం అందరికీ చదివి వినిపించాను. ముందు నేను తప్పు ఒప్పుకుంటే తప్ప ఆ గదిలో ఇంకెవరూ ఒప్పుకోరు. తర్వాతి వారం బీహారీ వెల్డరు తనంతట తానే వచ్చి నిన్న వేసిన అతుకు బాగా రాలేదు, మళ్ళీ వేస్తానన్నాడు. అలాంటి మాట అంతకుముందు మూడేళ్ళలో నేను వినలేదు.

ఇక ఫోన్ల సంగతి. దానికి మందు ఫౌజులో కాదు, మా గోదావరి లంకలోనే దొరికింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు, 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి హెచ్చరిక. 13.75కి, 13 లక్షలకి రెండోది. 17.75 అడుగులు, 17 లక్షలకి మూడోది. లంకల్లో పుట్టినవాడికి ఈ అంకెలు ఎవరూ నేర్పక్కర్లేదు. 86 వరద చూసిన నాన్న, రెండో హెచ్చరిక అని చెవిన పడితే చాలు, ఎవర్నీ అడక్కుండా గేదెల తాళ్ళు విప్పి గట్టెక్కిస్తాడు. నేనూ అలాగే రిజిస్టర్లో మూడు గీతలు గీశాను. మొదటి హెచ్చరిక, అక్కడున్నవాడే నిర్ణయం తీసుకుని చేసేసి రాస్తాడు. రెండోది, చేసేసి నాకు చెప్తాడు. మూడోది, పని ఆపి మనుషుల్ని బయటికి తీసుకొచ్చి అప్పుడు ఫోన్ చేస్తాడు. ఏ ప్రెషరు, ఏ వేడి, ఏ శబ్దం దేనికింద వస్తుందో వాళ్ళ చేతే తేల్పించాను. మన ఏడుగురికీ ఒక్క నిమిషంలో ఎక్కింది. మిగతావాళ్ళకి గోదావరి గురించి చెప్పడానికి ఓ సాయంత్రం పట్టింది, అదో మంచి సాయంత్రం.

మంగళవారాలు నేను క్యాజువల్టీ. ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఫోను ఆపేసి బండిలో కూర్చుంటాను, ఎవరి భుజం తడితే వాడే ఆ రోజుకి ఉస్తాద్, పని నడిపేవాడు. ముమ్మిడివరం అబ్బాయికి మొదటి వంతు వచ్చిన రోజు స్పానర్ తనే పట్టుకుని పైపు కిందకి దూరిపోయాడు, వెనక నలుగురు చేతులు కట్టుకుని నిలబడ్డారు. బండిలోంచి చూస్తూ ఆగడం నాకు చాలా కష్టమైంది, అయినా దిగలేదు. తొమ్మిదయ్యాక పక్కకి పిలిచి, "నాన్నా, స్పానర్ పట్టుకుంటే చూపు ఆ నట్టు మీదే ఉంటుంది. నువ్వు నిలబడి అందర్నీ చూడాలి, నీ చేతి పని కంటే ఆ చూపే వాళ్ళకి అవసరం" అన్నాను. తిండి సంగతి మాత్రం నేను నోటితో చెప్పలేదు. దెహ్రాదూన్ అకాడమీలో 1932లో అప్పటి సైన్యాధిపతి చెట్‌వుడ్ చెప్పినదాంట్లో దేశం ముందు, నీ కింద మనుషులు తర్వాత, నీ సుఖం ఆఖర్న అని ఉంటుంది. నేను ఆఫీసర్ని కాకపోయినా అది నాకూ వర్తిస్తుందనుకుని, శుక్రవారం బిర్యానీ అయినా మామూలు రోజు కుబ్బూస్ రొట్టె అయినా ఆఖర్న పెట్టించుకుంటాను. కొన్నాళ్ళకి చూస్తే ఆ అబ్బాయి కూడా ప్లేటు పట్టుకుని నా ముందు నిలబడుతున్నాడు, మిగతావాళ్ళందరి వెనక.

పోయిన శ్రావణంలో మా అక్క కూతురి పెళ్ళికి వచ్చాను, మళ్ళీ పదహారు రోజులే. నాన్న బ్యారేజీ చూస్తానంటే ధవళేశ్వరం తీసుకెళ్ళాను. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, గట్టు మీద టీ తాగుతూ నిలబడ్డాం. నాన్న ఉండుండి నా చొక్కా జేబు వైపు చూస్తున్నాడు.

"ఫోన్లు రావట్లేదేంట్రా? ఉద్యోగం ఉందా?"

అప్పటికి తొమ్మిది రోజులు. రోజూ సాయంత్రం రిజిస్టరు పేజీ ఫోటో ఒక్కటి వచ్చేది, అంతే. ఆ రోజుది తెరిచి చూశాను. రెండో హెచ్చరిక, రెండూ పదికి, ప్యానెల్ ఫ్యాను ఆగింది, మార్చాం, పంపు నడుస్తోంది. రాత ముమ్మిడివరం అబ్బాయిది కాదు. కింద సంతకం నేపాలీ కుర్రాడిది, ఆ రాత్రి మెస్ రూంలో తలొంచుకుని ఏమీ లేదన్నవాడిది. అబ్బాయికి ఫోన్ చేశాను. ఎక్కడున్నావురా, ఇది నువ్వు రాయలేదేంటి అన్నాను.

"బండిలో కూర్చున్నానండి. ఈవేళ నేను క్యాజువల్టీ బాబాయ్."